డైట్ చార్టా, కౌన్సెలింగా? ఇంట్లో తిండీ టెన్షనూ ముడిపడిపోతే ముందు ఎవరి దగ్గరికి వెళ్లాలి

మా ఫ్రిజ్ తలుపు మీద ఏడాది క్రితం ఒక డైట్ చార్ట్ ఉండేది. ఉదయం ఓట్స్, పదకొండింటికి గ్రీన్ టీ, మధ్యాహ్నం రెండు పుల్కాలు, రాత్రికి సూప్. మామయ్యగారి షుగర్ కోసం రాయించిన చార్ట్ అది. పదకొండు రోజులు నడిచింది. పన్నెండో రోజు రాత్రి ఆయన కంచం పక్కకు నెట్టి లేచి వెళ్లిపోయారు. దాంతో అత్తయ్యగారూ తినలేదు. మా ఆయన ల్యాప్‌టాప్ ముందు కూర్చుని పదకొండున్నరకు బిర్యానీ తెప్పించుకున్నారు. ఇంటర్ రెండో ఏడాది చదువుతున్న మా అమ్మాయి గది తలుపేసుకుని చిప్స్ ప్యాకెట్ ఖాళీ చేసింది. నేను వంటింట్లో నిలబడి మిగిలిన పులిహోర గిన్నెలోంచే తినేశాను. నాకు ఆకలి లేదు.

ఆ తర్వాత ఎనిమిది నెలల్లో డైటీషియన్, ఒక్కరికే ఇచ్చే కౌన్సెలింగ్, కుటుంబమంతా కలిసి కూర్చునే కౌన్సెలింగ్ మూడూ చూశాం. మూడూ మంచివే. అయితే మేము వెళ్లిన వరస తప్పు. డబ్బు ఎక్కువగా పోయింది ఆ వరస వల్లే. మీకు ఆ ఖర్చు తప్పించాలని ఇది రాస్తున్నాను.

చివరి గొడవను గుర్తు తెచ్చుకోండి

తిండి దగ్గర మీ ఇంట్లో జరిగిన చివరి గొడవను ఒకసారి తలుచుకోండి. ఏం తినాలో, ఎంత తినాలో తెలియక వచ్చిందా? అన్నీ తెలిసినా ఒక మనిషి తనను తాను ఆపుకోలేక వచ్చిందా? లేక ఒకరు ఒక మాట అనడం, ఇంకొకరు అలగడం, మూడో మనిషి మధ్యలో నలిగిపోవడం, ప్రతిసారీ అదే వరసలో జరుగుతోందా? మొదటిదైతే డైటీషియన్ దగ్గరికి వెళ్లండి. రెండోదైతే ఆ ఒక్కరికి కౌన్సెలింగ్ చాలు. మూడోదైతే కుటుంబ కౌన్సెలింగ్.

మన ఇళ్లలో మూడోదే ఎక్కువని నా నమ్మకం. మనకు ప్రేమ పొంగితే కొసరి కొసరి వడ్డిస్తాం. కోపమొస్తే అన్నం మానేసి పడుకుంటాం. ఫోన్ ఎత్తగానే "తిన్నావా?" అంటాం. పిల్లకు మార్కులు తగ్గిన రోజు "ముందు తిను, తర్వాత మాట్లాడుకుందాం" అంటాం, రెండో ముద్ద దిగేలోపే మాట్లాడేస్తాం. ఇన్ని పనులు కంచం మీద పెట్టుకున్న ఇంట్లో ఒకరి కంచాన్ని మార్చడమంటే నలుగురి మధ్య నడిచే మాటల్ని కదపడమే.

దీనికి శరీరం వైపు నుంచి కూడా కారణం ఉంది. టెన్షన్ రోజుల తరబడి ఉంటే ఒంట్లో కార్టిసాల్ అనే హార్మోన్ ఎక్కువగా ఊరుతుంది. చాలామందికి అప్పుడు తీపి మీదికి, వేపుళ్ల మీదికి మనసు పోతుంది. అదే కార్టిసాల్ రక్తంలో చక్కెరను కూడా పెంచుతుంది. నిద్ర తక్కువైతే ఆకలి ఇంకా పెరుగుతుంది. అంటే బల్ల దగ్గర రోజూ అయ్యే గొడవ మామయ్యగారి షుగర్ మీద పనిచేస్తూనే ఉంది, ఆయన కంచంలో ఓట్స్ ఉన్నా సరే.

డైటీషియన్ ఎక్కడ సరిపోతారు

కొత్తగా షుగరో, బీపీయో, కొలెస్ట్రాలో బయటపడి, ఇంట్లో అందరూ సహకరిస్తామంటున్నా ఏం వండాలో తెలియని పరిస్థితిలో డైటీషియన్‌ను మించినవారు లేరు. మనకు తెలుసనుకునే చాలా విషయాలు నిజానికి తెలియవు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో కొత్త ఆహార మార్గదర్శకాలు విడుదల చేసింది. రోజుకు 2000 కేలరీలు కావలసిన మనిషికి ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు 85 గ్రాములు, కూరగాయలు ఆకుకూరలు కలిపి 400 గ్రాములు, నూనె నెయ్యి కలిపి 27 గ్రాములు అని అందులో ఉంది. ఇదంతా వండక ముందు తూకం. ఉప్పు రోజుకు 5 గ్రాములు దాటకూడదు. మన కంచం చూడండి, దీనికి తలకిందులుగా ఉంటుంది: మధ్యలో అన్నం గుట్ట, అంచున చెంచాడు కూర, పక్కన ఆవకాయ.

నూనె లెక్క వేసి చూస్తే నాకు గుండె గుభేలుమంది. మా ఐదుగురికి నెలకు నాలుగు కిలోలు చాలు. అప్పట్లో మేం ఏడు ప్యాకెట్లు కొనేవాళ్లం, నెయ్యి వేరు.

మొదట మేం వెళ్లిన చోట ఇదేమీ అడగలేదు. ఇంట్లో ఎవరు వండుతారు, మామయ్యగారు పుట్టి పెరిగిన ఊళ్లో ఏం తినేవారు అన్న ప్రశ్నే రాలేదు. మంచి డైటీషియన్ జొన్న రొట్టె, పెసరట్టు, తోటకూర పప్పు, మజ్జిగ లాంటి ఇంటి తిండితోనే చార్ట్ కడతారు. డిగ్రీతో పాటు రిజిస్టర్డ్ డైటీషియన్ అవునో కాదో అడగండి. పౌడర్ డబ్బాలు అమ్మేవారు, షుగర్ మాత్రలు మానేయమనేవారు కనబడితే అక్కడినుంచే వెనక్కి తిరగండి. వెల్‌నెస్ కోచ్ అని చెప్పుకున్న ఒకరు మాకు అంటగట్టిన డబ్బా ఇప్పటికీ అటక మీద ఉంది.

ఇంకో జాగ్రత్త. ఇన్సులిన్ గానీ, కొన్ని రకాల షుగర్ మాత్రలు గానీ వాడుతున్నవాళ్లు ఒక్కసారిగా అన్నం సగానికి తగ్గిస్తే షుగర్ పడిపోవచ్చు. చెమట పట్టడం, చేతులు వణకడం, కళ్లు తిరగడం దాని గుర్తులు. చార్ట్ మార్చే ముందు మందులు రాసిన డాక్టరుకు చెప్పండి.

ఒక్కరికే కౌన్సెలింగ్

అర్ధరాత్రి ఎవరూ చూడకుండా తినడం, తిన్నాక అపరాధ భావంతో కుమిలిపోవడం, ఉద్యోగం ఒత్తిడికి స్వీట్ బాక్స్ ఖాళీ చేయడం లాంటివి ఒక మనిషి లోపల జరిగేవి. ఆ మనిషికి నోరు విప్పి చెప్పుకునే ఏకాంతం కావాలి. ఇంటివాళ్లందరి ముందు కూర్చోబెడితే మరింత ముడుచుకుపోతారు. మా ఆయన ముందు ఇలాగే నాలుగు సెషన్లకు ఒంటరిగా వెళ్లారు. ఆఫీసు టెన్షన్‌ను ఇంటికి మోసుకురాకుండా చూసుకోవడం నేర్చుకున్నారు, రాత్రి ఆర్డర్లు తగ్గాయి. కానీ వారం తిరిగేసరికి బల్ల దగ్గర పాత గొడవే. ఆయన మారి వచ్చారు, మేమందరం అలాగే ఉన్నాం.

కుటుంబ కౌన్సెలింగ్‌లో అసలు ఏం చేస్తారు

వెళ్లేముందు నేను తెలియక భయపడింది దీనికే. పంచాయితీ పెట్టి ఎవరిది తప్పో తేలుస్తారనుకున్నాను. అలా ఉండదు.

మొదటి రోజు కౌన్సెలర్ మేడమ్ తిండి గురించి ఒక్క ముక్క అడగలేదు. తెల్ల కాగితం ఇచ్చి, మీ భోజనాల బల్ల గీసి ఎవరెక్కడ కూర్చుంటారో రాయమన్నారు. మా అమ్మాయి గీసింది. తాతయ్య ఒక చివర, నాన్న ఇంకో చివర, తను టీవీ కనిపించే వైపు. "మరి అమ్మా, నానమ్మా?" అని మేడమ్ అడిగారు. అది కాసేపు ఆలోచించి వంటింటి గుమ్మం దగ్గర రెండు చుక్కలు పెట్టింది. "వాళ్లు కూర్చోరు కదా" అంది. అత్తయ్యగారూ నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. పద్దెనిమిదేళ్లుగా ఒకే వంటింట్లో ఉన్నాం. ఆ రెండు చుక్కలూ పక్కపక్కన ఉన్నాయని అప్పుడే గమనించాను.

తర్వాత ఆ పన్నెండో రోజు రాత్రిని ఒక్కొక్కరినీ చెప్పమన్నారు. ఎవరూ అడ్డు రాకూడదన్నది షరతు. ఒకే రాత్రికి నాలుగు కథలు వచ్చాయి. నా కథలో నేను అందరి ఆరోగ్యం కోసం కష్టపడుతున్నదాన్ని. అత్తయ్యగారి కథలో ఆమె నలభై ఏళ్లుగా వండిపెట్టిన చేతిని ఒక్క కాగితం తప్పని చెప్పింది. ఆ మాట ఆమె నోటివెంట అంతకుముందు ఎప్పుడూ రాలేదు. నెయ్యి గిన్నె రోజూ మామయ్యగారి కంచం దగ్గరికి ఎందుకు చేరుతోందో నాకు అక్కడ అర్థమైంది.

ఆరు సెషన్లలో మేము పెట్టుకున్న నియమాలు పెద్దవేమీ కావు. చార్ట్ తీసేశాం. వంట మెనూ ఆదివారం సాయంత్రం అందరూ కలిసి అనుకుంటాం, అందులో అత్తయ్యగారి మాటే చివరి మాట. నూనె నెలకు నాలుగు కిలోలే తెస్తాం, అది ఎలా సర్దాలన్నది ఆమె ఇష్టం. ఆమె పద్ధతి చూసి డైటీషియనే ఆశ్చర్యపోయారు. వేపుడు వారానికి ఒకసారికి తగ్గించి, మిగతా రోజులు పొడికూరలకు నువ్వులపొడి చల్లుతున్నారు. వడ్డించాక అందరం ఒకేసారి కూర్చుంటాం, ఎవరికి కావలసింది వాళ్లు వడ్డించుకుంటారు. "ఇంకొంచెం వేసుకో" అని ఒక్కసారే అనాలి. బల్ల దగ్గర నంబర్లు వద్దు. షుగర్ రీడింగ్, మార్కులు, బరువు, జీతం ఏదీ అక్కడికి రాకూడదు. ఈ చివరి నియమం ఎలా పుట్టిందో తర్వాత చెబుతాను.

మామయ్యగారి హెచ్‌బీఏ1సీ, అంటే రెండు మూడు నెలల సగటు షుగర్‌ను చూపే పరీక్ష ఫలితం, 8.6 నుంచి 7.4కు వచ్చింది. మధ్యలో డాక్టర్ ఒక మాత్ర మార్చారు కాబట్టి ఆ ఫలితమంతా కౌన్సెలింగ్‌దేనని అనను. కానీ మాత్ర వేసుకున్నారా అని ఆయన్ను అడగాల్సిన అవసరం లేకపోవడం మాత్రం దాని వల్లే.

పెద్దవాళ్లూ పిల్లలూ కలిసి మారితేనే నిలుస్తుందన్నది మా ఇంటి అనుభవం ఒక్కటే కాదు. అమెరికాలో లియోనార్డ్ ఎప్‌స్టీన్ బృందం అధిక బరువున్న పిల్లల మీద చేసిన పని పదేళ్ల ఫలితాలు 1990లో వచ్చాయి. తల్లిదండ్రులనూ పిల్లలనూ కలిపి మార్చిన ఇళ్లలో పిల్లల అధిక బరువు పదేళ్ల తర్వాత కూడా మొదటికంటే తక్కువగానే ఉంది. పోలిక కోసం పెట్టుకున్న గుంపులో పెరిగింది. అదంతా విదేశీ పద్ధతి, మనకు పనికిరాదు అనేవారికి ఇంకో మాట. 1950లలోనే అమృత్‌సర్ మానసిక ఆసుపత్రిలో డాక్టర్ విద్యాసాగర్ రోగుల కుటుంబాలను ఆవరణలో డేరాలు వేసి ఉంచి, వాళ్లను వైద్యంలో భాగం చేశారు.

ఇవి చూస్తే ముందు డాక్టర్ దగ్గరికి

పిల్లలు వేగంగా బరువు తగ్గిపోవడం, తిన్నవెంటనే బాత్రూమ్‌లోకి వెళ్లి వాంతి చేసుకోవడం, అమ్మాయిలకు నెలసరి ఆగిపోవడం, కళ్లు తిరిగి పడిపోవడం. వీటిలో ఏది కనిపించినా కౌన్సెలింగ్ అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి. ముందు ఫిజీషియన్, వెంటనే సైకియాట్రిస్ట్. "డైటింగ్ చేస్తోందిలే" అని నెలలు గడిపేయడం ప్రమాదం.

ఇలాంటి జబ్బులకు కూడా కుటుంబమే మందులో భాగమవుతుంది. 1980లలో లండన్‌లోని మాడ్‌స్లీ ఆసుపత్రిలో రూపుదిద్దుకున్న పద్ధతిలో, తిండి మానేసిన పిల్లకు తిరిగి తినిపించే బాధ్యతను మొదట తల్లిదండ్రులకే అప్పగిస్తారు. రెండో సెషన్‌కు ఇంటినుంచి భోజనం తెచ్చుకుని అందరూ అక్కడే తినాలి, వైద్యులు చూస్తారు. పిల్ల కోలుకునే కొద్దీ ఆ బాధ్యత తిరిగి పిల్ల చేతికి వస్తుంది. తల్లిదండ్రుల వల్లే జబ్బు వచ్చిందని ఈ పద్ధతి ఎక్కడా అనదు. ఆ ఒక్క మాట వినడానికే చాలామంది తల్లులు ఎదురుచూస్తుంటారు.

ఇంట్లో కొట్టడం, బెదిరించడం ఉంటే కుటుంబ కౌన్సెలింగ్ మొదటి అడుగు కాకూడదు. అందరి ముందు నిజం చెప్పిన మనిషి ఇంటికెళ్లాక దెబ్బలు తినాల్సి రావచ్చు. మహిళలకు 181, పిల్లలకు 1098, ప్రాణభయం ఉంటే 112.

డబ్బు లేకపోతే, దగ్గర్లో ఎవరూ లేకపోతే

కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలి మానస్ నంబర్ 14416. ఉచితం, ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. ఒక్క ఫోన్‌తో ఇంటి చిక్కంతా విడిపోతుందని ఆశించకండి. రాత్రి గుండె బరువెక్కినప్పుడు మాట్లాడే మనిషి దొరకడానికి, తర్వాత ఎక్కడికి వెళ్లాలో తెలుసుకోవడానికి అది మంచి మొదటి మెట్టు.

హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక ఆసుపత్రులున్నాయి. ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లో సైకియాట్రీ ఓపీ ఉంటుంది. ఎర్రగడ్డ అనగానే పిచ్చాసుపత్రి అని వెనకడుగు వేస్తారు చాలామంది. అక్కడికి నిద్రపట్టనివాళ్లూ వస్తారు, భార్యాభర్తలూ వస్తారు. రాయలసీమ వాళ్లకు బెంగళూరు దగ్గర కాబట్టి అక్కడున్న జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ మంచి దారి. కుటుంబాలతో పనిచేయడానికి అక్కడ ప్రత్యేక విభాగమే ఉంది.

ప్రైవేటులో హైదరాబాద్‌లాంటి నగరాల్లో మాకు కనబడిన ఫీజు సెషన్‌కు వెయ్యి నుంచి రెండున్నర వేల దాకా. కుటుంబ సెషన్ గంట నుంచి గంటన్నర పడుతుంది. ఐదుగురికి కలిపి ఒకే ఫీజు కాబట్టి, విడివిడిగా వెళ్లినదానికంటే చివరికి మాకు అదే తక్కువైంది. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం బీమా కంపెనీలు మానసిక జబ్బులను మిగతా జబ్బులతో సమానంగా చూడాలి. అయినా చాలా పాలసీలు ఓపీ ఖర్చులివ్వవు. మీ పాలసీ కాగితంలో ఓపీ ఉందో లేదో ముందే చూసుకోండి.

ఎవరిని నమ్మాలి

మన దగ్గర కౌన్సెలర్ అన్న బోర్డు పెట్టుకున్న అందరికీ ఒకే స్థాయి చదువు ఉండదు. క్లినికల్ సైకాలజిస్ట్ అని చెప్పుకుంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉండాలి, నంబర్ అడగడంలో తప్పు లేదు. కుటుంబాలతో పనిచేసేలా విడిగా శిక్షణ తీసుకున్నారా, మా డాక్టరుతో, డైటీషియన్‌తో అవసరమైతే మాట్లాడతారా, ఎన్ని సెషన్ల తర్వాత ఫలితం చూసుకుందాం అని ఫోన్‌లోనే అడిగేయండి. మొదటి అరగంటలోనే "మీ అత్తగారిదే తప్పు" అన్నట్టు ఒక పక్షం వహించేవారి దగ్గర రెండోసారి కూర్చోకండి, ఆ పక్షం మీదైనా సరే. మూడు సెషన్ల తర్వాత ఇంట్లో ఒక్క చిన్న మార్పూ కనబడకపోతే ఆ మాట వాళ్లకే చెప్పండి. మంచివారు బాధపడరు, దారి మారుస్తారు.

అమెరికాలో ఉన్నవాళ్లకు ఒక చిక్కుంది. అక్కడి థెరపిస్టుకు మీరు కూర్చున్న రాష్ట్రంలో లైసెన్స్ ఉండాలి. అందుకని డల్లాస్‌లో కొడుకు, విజయవాడలో అమ్మానాన్న కలిసి ఒకే ఆన్‌లైన్ సెషన్‌లో కూర్చోవాలంటే ముందే అడిగి తేల్చుకోవాలి. ఆన్‌లైన్ పనికిరాదని మాత్రం అనను. ఒకే గదిలో కూర్చుంటే మాట పెగలని తండ్రులు కొందరు స్క్రీన్ ముందు తేలిగ్గా మాట్లాడతారు. కెమెరాలో అందరి మొహాలూ కనబడేలా కూర్చోండి, ఫోన్ చేతులు మారుతూ ఉంటే సెషన్ సాగదు.

రానంటే రానన్న మనిషి

ప్రతి ఇంట్లో ఒకరుంటారు. మా ఇంట్లో మామయ్యగారు. "నా తిండి గురించి బయటివాళ్లతో మాట్లాడాలా?" అన్నారు. మేడమ్ బలవంతం చేయొద్దన్నారు. వచ్చినవాళ్లతోనే మొదలుపెడదాం, ఇంటికెళ్లాక ఆయన గురించి ఏం మాట్లాడుకున్నామో దాచకుండా చెప్పండి అన్నారు. చెప్పాం. మూడోసారి మేం చెప్పులేసుకుంటుంటే ఆయన చొక్కా మార్చుకుని వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

అక్కడ అరగంట మాట్లాడలేదు. తర్వాత నా వైపు చూడకుండా మేడమ్‌తో అన్నారు: "కోడలు నా మంచికే చేస్తుందమ్మా. కానీ మిషన్‌లో నంబరు రాగానే గట్టిగా చదువుతుంది. రెండు వందల నలభై అని. మనవరాలి ముందు. పరీక్ష తప్పినవాడిలా కూర్చుంటాను నేను."

నేనేదో అనబోయాను. అంతలో మా అమ్మాయి అంది, "నాకూ అంతే తాతయ్యా. వీకెండ్ టెస్ట్ మార్కులు నాన్న అన్నం దగ్గరే అడుగుతారు."

ఇప్పుడు ఫ్రిజ్ పక్కన చార్ట్ ఉన్నచోట ఒక చిన్న నోట్‌బుక్ వేలాడుతోంది. ఉదయం రీడింగ్ ఆయనే చూసుకుని అందులో రాసి మూసేస్తారు. నెలకోసారి డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఆయనే తెరుస్తారు.